కార్యదర్శి మాటయు, సభ్యుని నమ్మకమును

సహకార సంఘమునకు మూలధనమేది యని యడిగినచో వాటాసొమ్మనియు, నిలువ నిధి యనియు, గిడ్డంగి యనియు సామాన్యముగ బదులు చెప్పుదురు. ఇవి యన్నియు వలసినవే. కాని యీ సొమ్మంతయు నిలుచునది సభ్యుని నమ్మకము మీద. ఆ నమ్మకము నిలుచునది సంఘమును నడుపువారి మాట మీద. నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దలు చెప్పినది సంఘములకును వర్తించును. కావున కార్యదర్శులును, మేనేజర్లును, పాలకవర్గమువారును సభ్యులతోను, తమ క్రింది పనివారితోను ఎట్లు మాటలాడవలయునో యీ మాసమున కొంత విచారింప దలచితిమి.

2025వ సంవత్సరము ఆగష్టు, సెప్టెంబరు మాసములలో మన తెలంగాణమున జరిగినదానిని చదువరు లింకను మఱచియుండరు. వరినాట్లు ముగిసి యూరియా చల్లవలసిన అదనున ఎఱువు చాలకపోయెను. అనేక గ్రామములలో రైతులు తెల్లవారకముందే సంఘముల వాకిళ్ల చేరి, నిలిచి నిలిచి కాళ్లు నొవ్వగా, తమకు మారుగ చెప్పులను, పాసుపుస్తకములను వరుసలో నుంచి కనిపెట్టుకొని యుండిరి. ఎఱువు తక్కువ యగుట సంఘ కార్యదర్శి తప్పు కాదు. రాష్ట్రములకు యూరియా కేటాయించునది కేంద్ర ప్రభుత్వము. రామగుండము కర్మాగారము సైతము ఆ దినములలో కొంతకాలము నిలిచిపోయెను. సంఘము పంచునదే గాని తయారుచేయునది కాదు. ఇంతవఱకు నిజమే. అయినను ఆ వరుసలలో నిలిచిన రైతు కోపమునకు ఎఱువు లేకపోవుట యొక్కటే కారణము కాదని మా యభిప్రాయము. లారీ నేడు వచ్చునో రాదో, వచ్చిన నెన్ని బస్తాలు దిగునో, తలకెన్ని యిత్తురో, తన వంతు వచ్చునో రాదో చెప్పువాడు లేకపోవుట రెండవ కారణము.

మేము చూచిన యొక సంఘమున, దాని పేరిచట ననవసరము, ఉదయము 7 గంటలనుండి నిలిచిన రైతులకు మధ్యాహ్నము 2 గంటలకు “నేడు లేదు, పొండు” అని చెప్పి కిటికీ మూసిరి. లారీ రాదను సంగతి 10 గంటలకే ఫోనులో తెలిసినదట! ఏల చెప్పలేదని ఆ యుద్యోగిని పిమ్మట నడుగగా, “లేదన్నచో కేకలు వేయుదురని వెఱచితిని” అనెను. అతడు చెడ్డవాడు కాడు, దొంగయు కాడు. కాని యొక్క మాట దాచినందున నూరుమంది రైతులకు నాలుగు గంటల పని చెడెను. కేకలు మాత్రము తప్పినవా? తప్పలేదు. ఉదయము పదింటికి పడవలసిన కేకలు రెండింటికి వడ్డీతో కూడ పడినవి. చేదు మాట చెప్పక తప్పనప్పుడు తొందరగా చెప్పుటయే మేలు.

ఇందులకు గొప్ప విద్య యేమియు నక్కఱ లేదు. లారీలో 45 కిలోల బస్తాలు 300 వచ్చినవనుకొందము. తలకు రెండేసి యిచ్చినచో 150 మందికి సరిపోవును. ఆ సంగతి పలకమీద పెద్ద యక్షరములతో వ్రాసి, చదువురానివారికి వినబడునట్లు బయటికి వచ్చి చదివి, 150 చీట్లిచ్చి, తక్కినవారికి “మీరిపుడు పొలమునకు పొండు, లారీ వచ్చినదినము మీకే మొదట నిత్తుము” అని చెప్పి, వారి పేర్లు వ్రాసికొనవలయును. పిమ్మట ఆ మాట తప్పరాదు. ఈ పనికి అరగంట చాలును.

వడ్లు కొనునప్పుడును ఇదే న్యాయము. తేమ 17 శాతమునకు మించరాదను నియమమును ఎఱుగని రైతు నేడు లేడు. అయినను “తేమ యున్నది, ఇంకను ఆరబోయుము” అని దూరమునుండి కేక వేసినచో, తన వడ్లనే త్రోసివేసిరని యతడు తలచును. మీటరు అతని యెదుటనే పెట్టి, అంకె యతనికి చూపి, “ఇది 19, రెండెండలు తగిలిన సరిపోవును” అని చెప్పినచో అతడే రాశి తిరుగవేయును. తరుగు తీసినయెడల ఎంత తీసిరో, ఏల తీసిరో చీటీ మీద వ్రాసి యీయవలయును. కారణము తెలియని తరుగు కిలో యైనను అది సభ్యునకు దోపిడివలెనే తోచును.

మా చెల్పూరు పొలములలో నిలిచినవారికి కాకతీయ తాపవిద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనబడుచుండును. అచట 500 మెగావాట్లది యొకటియు, 600 మెగావాట్లది యొకటియు రెండు యంత్రములు కలవు. అట్టి కేంద్రములలో రేయింబవళ్లు షిఫ్టుల వంతున పని సాగును. దిగిపోవువాడు ఎక్కువానికి ఏ యంత్ర మెట్లున్నదో, ఏది చూడవలసి యున్నదో పుస్తకమున వ్రాసి, నోటను చెప్పి పోవలయును. ఆ మాట తప్పినచో ప్రమాదము. మన సంఘములలోనో! నిన్న గుమాస్తా “ఎల్లుండి రమ్మ”ని చెప్పిన రైతు వచ్చునప్పటికి కిటికీలో మఱియొక గుమాస్తా యుండును. “నాకు తెలియదు” అనును. సంఘము చెప్పిన మాట గుమాస్తాతోనే సెలవు పుచ్చుకొన్నదన్నమాట. ఒక చిన్న పుస్తకము పెట్టి, ఎవరికేమి చెప్పితిమో వ్రాసియుంచినచో ఈ యపకీర్తి తప్పును.

ఇక లోపలి వ్యవహారము. కార్యదర్శి గుమాస్తాను వరుస యెదుట దూషించుట మేము పలుమారులు చూచితిమి. దానివలన సభ్యులు సంతసించెదరని యతడు తలచును. నిజమునకు ఆ గుమాస్తా మఱునాటినుండి తప్పులను దాచుట నేర్చికొనును. తప్పు దిద్దవలసినది గదిలో, మెచ్చుకొనవలసినది పదుగురిలో. హమాలీలు చెప్పు మాటను సైతము వినవలయును. ఏ గోనె చినిగినదో, గిడ్డంగిలో ఏ మూల కురియుచున్నదో మొదట తెలియునది వారికే.

అన్నిటికంటె కీడైనది మఱియొకటి గలదు. కిటికీయొద్ద “లేదు” అని చెప్పి, పెద్దమనుషుల యిండ్లకు రాత్రివేళ బస్తాలు పంపుట. ఇది యొక్కమారు బయటపడినచో, ఆ కార్యదర్శి పదేండ్లు నిజము చెప్పినను ఎవ్వరును నమ్మరు. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేలున 28 మంది స్థాపించిన సంఘమున ప్రతి సభ్యునకు నొక్కటే వోటు. వాటా యెక్కువ గలవాని మాట యెక్కువ కాదు. ఈ నియమము ఎన్నికనాడు మాత్రమే గాక, వరుసలోను నిలువవలయును.

ఇట్టివి కాగితములమీది మాటలని కొందఱనవచ్చును. వారు ములుకనూరు చూడవలయును. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు స్థాపించిన సంఘము ఇన్నాళ్లు నిలిచినది. 2000 సంవత్సరమున అచటనే మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గముగా పాల సంఘ మేర్పడినది. పూటపూటకు పాలు పోసి, వాని లెక్క తామే చూచుకొను సభ్యుల యెదుట ఏ మేనేజరును గొణిగి తప్పించుకొనజాలడు. అడుగు సభ్యులున్నచోట చెప్పు నిర్వాహకులు తయారగుదురు.

కార్యదర్శికి పని యెక్కువ, జీతము తక్కువ యని మేమెఱుగుదుము. పైనుండి వచ్చు ఉత్తరువులు ఉదయ మొకటి, సాయంకాల మొకటిగ మాఱుచుండుటయు నెఱుగుదుము. అందుచేతనే సభ్యులకును ఒక మాట. తన చేతిలో లేనిదానికి గుమాస్తాను తిట్టుట న్యాయము కాదు. మహాజనసభకు పోక, జమాఖర్చులు వినక, ఏడాది పొడుగున అరుగులమీద సణుగుటవలన ప్రయోజనము లేదు. నిజము చెప్పినవానిని కొట్టవచ్చినచో, రెండవమారు వాడు నిజము చెప్పడు.

వచ్చు నాట్లకు ముందే ప్రతి సంఘమువారును వాకిట నొక పలక, లోపల నొక పుస్తకము పెట్టుదురుగాక యని మా కోరిక. పలకమీద నేటి నిలువ యెంతయో, రేపు వచ్చునది యెంతయో, ఏమియు రానియెడల రాదనియు ప్రతి యుదయము వ్రాయింపవలయును. దీనికగు ఖర్చు ఒక సుద్దముక్క. ఏ సంఘమువారైన నిట్లు చేసి, దానివలని మేలును గాని, వచ్చిన చిక్కులను గాని మాకు తెలిపినచో, తక్కిన సంఘములవారి యుపయోగమునకై ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.