పాత కారును క్రొత్తది చేయవలెనా?

ఈ సంవత్సరపు సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, చరిత్ర బోధించు ఉపాధ్యాయుడు గనుక ఏ రాజవంశమును గూర్చియో వ్రాయునని వారనుకొని యుందురు. నేను మాత్రము మా యింటి ప్రక్క రేకుల షెడ్డులో నిలిచియున్న యొక పాత అంబాసిడరు కారును గూర్చి వ్రాయుచున్నాను. ఇదియు చరిత్రయే యని చదువరులు నన్ను మన్నింతురు గాక. ఆ కారును బాగుచేయుటలో నేనొక పెద్ద తప్పు చేసితిని. మన విద్యార్థులుగాని వారి తలిదండ్రులుగాని అట్టి తప్పు చేయకుండవలెనను కోరికతోనే కలము పట్టితిని.

నా యభిప్రాయము మొదటనే చెప్పెదను. ఇంటిలో పాత కారును బాగుచేయువాడు అది చక్కగా కదలునట్లును, ఆపినచోట ఆగునట్లును చేయవలెను. కాని నిన్న కర్మాగారమునుండి వచ్చినదానివలె కనబడునట్లు చేయరాదు. ప్రాణరక్షణకు సంబంధించిన భాగములలో పిసినారితనము పనికిరాదు. కంటికింపు కలిగించు భాగములలో పిసినారితనమే మేలు. ఈ మాట మా యూరిలో కార్లకు రంగువేయు మిత్రులకు రుచింపదు. రంగు వేయించుకొనవచ్చువారికి అంతకంటెను రుచింపదు.

అంబాసిడరు పుట్టుపూర్వోత్తరములు నేటి పిల్లలెఱుగకపోవచ్చును. హిందూస్థాన్ మోటార్స్ అను సంస్థ 1942వ సంవత్సరమున స్థాపింపబడి, మొదట గుజరాతు తీరమునందలి ఓఖా రేవున పనిచేసి, 1948లో పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాకు తరలినది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును నమూనాగా గైకొని, 1950వ దశకపు చివర అంబాసిడరును తయారుచేయ నారంభించిరి. నమూనా పుట్టినచోట అది కొలది సంవత్సరములకే మూలబడినను, మన దేశమున 2014 మే నెలలో కర్మాగారపు పని నిలిచిపోవువఱకు అదే గుండ్రని వీపుతో, అదే విశాలమైన వెనుక సీటుతో బయటికి వచ్చుచునే యుండెను. మంత్రులు దానిలో తిరిగిరి. పెండ్లికుమార్తెలు దానిలో అత్తవారిండ్లకు పోయిరి. పురిటినొప్పులు పడు స్త్రీలను అర్ధరాత్రివేళ ఆసుపత్రికి చేర్చినదియు అదియే.

మా కారు 1968వ సంవత్సరపు రెండవ మార్కు బండి. నాలుగు సిలిండర్లు, 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజను, స్టీరింగు ప్రక్కనే గేరు రాడ్డు. మా నాన్నగారు దానిని 1984లో పాతదిగా కొని, 2006వఱకు ట్యాక్సీగా నడపి, ఆ యాదాయముతో మమ్ము ముగ్గురు పిల్లలను చదివించిరి. నా ఉపాధ్యాయ శిక్షణకు కట్టిన రుసుము కూడ ఆ బండి సంపాదించినదే. ఆయన కన్నులు మందగించిన పిమ్మట అది వేపచెట్టు క్రింద నిలిచిపోయెను. మా తమ్ముడు పాత ఇనుపసామానుల వర్తకుని పిలిచి బేరము కూడ కుదిర్చెను. నేను అడ్డుపడితిని. ఇంతవఱకు నా నడవడి మెచ్చదగినదే.

2017 వేసవి సెలవులలో పని ప్రారంభించితిని. పాత వస్తువును చూడగానే విప్పవలెనను ఉబలాటము కలుగుట మానవ స్వభావము. పదిరోజులలో సీట్లు, తలుపులు, బంపర్లు, దీపములు అన్నియు ఊడదీసి, నట్లు బోల్టులను రంగుడబ్బాలలో పోసి, కాగితపు చీటీలంటించి, విజయగర్వముతో బడికి మరలితిని. ఆషాఢమాసపు వానకు షెడ్డు కారెను. చీటీలు తడిసి సిరా అలుకుకొనిపోయెను. పది దినములలో విప్పినదానిని మరల కూర్చుటకు నాకు అయిదేండ్లు పట్టినదనిన, అందులో రెండేండ్లు ఏ బోల్టు ఎక్కడిదో వెదకుటకే సరిపోయినవి. తరగతిలో పటములు గీయకున్న పిల్లలను మందలించు ఉపాధ్యాయుడు తాను మాత్రము ఒక్క పటమైన గీసికొనలేదు!

ఇంజను బిగిసిపోయి యుండెను. ప్లగ్గుల రంధ్రములగుండ కిరోసిను, ఇంజను నూనె కలిపి పోసి పలు దినములు నానబెట్టితిని. హ్యాండిలు వేసి త్రిప్పబోగా కదలలేదు. నాన్నగారు మంచము మీదనుండియే, “నాలుగో గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపరా” అని చెప్పిరి. పై గేరులో చక్రముల కదలిక ఇంజనును సులభముగా త్రిప్పగలదు. ఇరుగుపొరుగు యువకులు నలుగురు పట్టి ఊపగా, మూడవనాటి సాయంకాలమున లోపల ఏదో పట్టు విడిచిన చప్పుడయ్యెను. ఆ చప్పుడు విని మంచము మీది ముసలాయన నవ్విన నవ్వు ఇప్పటికిని నా చెవులలో నున్నది.

తుప్పు విషయములో రెండవ పొరపాటు జరిగినది. లారీకివలె ఈ కారునకు వేఱుగా చట్రము లేదు. పైనున్న రేకుల కూర్పే బరువంతయు మోయును. తలుపుల క్రింది పొడవాటి పెట్టెవంటి రేకు, అనగా సిల్లు, తుప్పుపట్టి పోయినచో బండికి వెన్నెముక బలహీనమైనట్లే. నేను ఆధారమేమియు పెట్టకుండ ఎడమవైపు సిల్లును కోయించితిని. శరీరము ఒక వేలెడు క్రుంగి, తలుపు మూసికొనుట మానెను. విజయవాడ ఆటోనగరునుండి వచ్చిన టింకరు పనివాడు దానిని చూచి, లోపల అడ్డుకడ్డీలు అతికించి, తలుపును బిగించి యుంచియే అంగుళము అంగుళముగా వెల్డింగు చేసెను. పదవ తరగతి దాటని ఆ మనుష్యుని యెదుట శిక్షణ పొందిన ఉపాధ్యాయుడనైన నేను విద్యార్థినైతిని. చేతిపని ద్వారమున చదువు చెప్పవలెనని గాంధీగారు 1937లో వార్ధాలో ప్రతిపాదించిన విధానమును మేము శిక్షణ కళాశాలలో పరీక్షకొఱకు వల్లించితిమి. అది నాకు అర్థమైనది ఆ రేకుల షెడ్డులోనే.

ఇక అసలు తప్పునకు వచ్చెదను. కారు నడచుట మొదలుపెట్టిన తరువాత నాకు ఆశ పెరిగెను. అద్దమువలె మెఱయు రంగు వేయించితిని. రంగునకైన వ్యయము ఇంజనునకైన వ్యయమునకు రెట్టింపు. ఎడమవైపు వెనుక తలుపునకు, ఒక పెండ్లి ప్రయాణమున ఎడ్లబండి కాడి తగిలి పడిన సొట్ట యుండెడిది. దానిని పుట్టీతో పూడ్పించితిని. స్టీరింగు చక్రము నాన్నగారి బొటనవ్రేళ్ల ఒరపిడికి రెండుచోట్ల అరిగి పలుచబడి యుండెను. దానిని తీసివేసి క్రొత్తది వేసితిని. గేరు రాడ్డు చివర గుండు ఎప్పుడో విఱిగిపోగా, ఆయన వడ్రంగిచేత టేకుకఱ్ఱతో గుండు చేయించి పెట్టుకొని యుండిరి. అది కర్మాగారపు వస్తువు కాదని తలచి, ఎంతో శ్రమపడి అసలైన నల్లగుండును సంపాదించి తగిలించితిని.

2022 డిసెంబరులో పండుగకు అందఱము చేరినప్పుడు నాన్నగారిని చేయిపట్టి నడిపించి డ్రైవరు సీటులో కూర్చుండబెట్టితిని. చూపు దాదాపు లేదు గనుక ఆయన చేతులతో తడిమిరి. చక్రము మీద బొటనవ్రేళ్లు జరిపి చూచిరి. గేరు గుండును పట్టుకొని విడిచిరి. కొంతసేపటికి మెల్లగా, “ఇది ఎవరి బండిరా?” అనిరి.

“మనదే నాన్నా” అంటిని.

“బాగుంది” అని దిగిపోయిరి.

నేను అటుపిమ్మట వారము దినములు షెడ్డు తలుపు తీయలేదు. టేకుగుండు వంటింటిలో మేకుల డబ్బాలో దొరికినది. దానిని మరల బిగించితిని. చక్రమును మాత్రము పాత ఇనుముతోపాటు కిలోల లెక్కన అమ్మివేసి యుంటిని. వర్తకుని కొట్టునకు పోయి అడిగితిని. ఆయన జాలితో నన్ను చూచి, అది ఎన్నడో కరగిపోయి యుండునని చెప్పెను.

నాకు దుఃఖము కలిగినంత మాత్రమున అది సిద్ధాంతము కాదని విమర్శకులు అనవచ్చును. నిజమే. కాని ఈ యభిప్రాయము నా యొక్కనిది కాదు. పాత వాహనముల సంఘములన్నిటిని కలుపుకొని 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య, ఫీవా యనునది, 2012లో ట్యూరిన్ శాసనమును ఆమోదించినది. పాత కట్టడములను కాపాడు నియమములవంటివే అందును గలవు: ఉన్నదానిని కాపాడుట మొదటిది, తిరిగి నిర్మించుట కడపటిది, ఎంత తక్కువ ముట్టుకొన్న అంత మంచిది. మన ప్రభుత్వము 2021 జులైలో చేసిన నిబంధనలను చూడుడు. ఏబది సంవత్సరములు దాటిన కార్లను, ద్విచక్ర వాహనములను పురాతన వాహనములుగా నమోదు చేసికొనవచ్చును. అయితే అవి పుట్టినప్పటి రూపముననే యుండి, పెద్ద మార్పులకు లోనుగాక యుండవలెను. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, పది సంవత్సరముల గడువు. అట్టి బండిని ప్రతిదినము తిరుగుటకు వాడరాదు; ప్రదర్శనలకు, పాతకార్ల యాత్రలకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుకొనుటకు మాత్రమే రోడ్డెక్కించవచ్చును. చట్టమునకు టేకుగుండు విలువ తెలియదు. అది కర్మాగారపు రూపమునే అడుగును. ఒక గుండు కొఱకు అధికారులు అభ్యంతరపెట్టుదురేని, నమోదునాడు నల్లది తగిలించి ఇంటికి వచ్చి టేకుది తగిలించెదను. ఇది అసత్యమగునా యని మా ప్రధానోపాధ్యాయులను అడుగవలసియున్నది.

పాతదానిని పాతదిగా ఉంచుమన్నానుగదా యని అన్నియు పాతవే యుంచరాదు. పాత తీగలపై రబ్బరు పొర పెళుసై ఊడిపోవును; ఒకదానికొకటి తగిలి మంట పుట్టును. వాటిని నిస్సంకోచముగా మార్చవలెను. బ్రేకు గొట్టములు, టైర్లు అట్లే. ఇప్పుడు మన బంకులలో దొరకు పెట్రోలున నూటికి 20 పాళ్లవఱకు ఇథనాలు కలియుచున్నది. అది పాతకాలపు రబ్బరు గొట్టములను పాడుచేయును గనుక అందుకు తగిన గొట్టములు వేయవలెను. సీసము కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో మన దేశమున పోయినది. ఆ సీసము మీద ఆధారపడిన పాత ఇంజనుల వాల్వుల పీటలు అది లేక త్వరగా అరుగును. హెడ్డు విప్పినప్పుడే లేతు పనివానిచేత గట్టి ఉక్కు పీటలు వేయించుట మంచిది. ఇవేవియు పైకి కనబడవు. కనబడనిచోటనే డబ్బు వెచ్చింపుడని నా మనవి.

తలిదండ్రులు మఱికొన్ని సంగతులు గమనింపవలెను. పాత బ్రేకు పట్టీలలో రాతినార కలిసియుండును. డ్రమ్ములోని ధూళిని నోటితోగాని గాలిపంపుతోగాని ఊదినచో అది ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరువాత ప్రాణాంతక వ్యాధులను కలిగించును. పిల్లలను ఆ పనికి దూరముగా ఉంచుడు. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి క్రిందికి ఎవరును పోరాదు. ఇనుప స్టాండ్లు తప్పనిసరి. షెడ్డు తలుపు మూసి ఇంజను నడుపరాదు. అందుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు, మనిషి తెలియకయే స్పృహ తప్పును.

ఇంత వ్యయము, ఇంత శ్రమ ఒక పాత బండికొఱకు దేనికని మా తమ్ముడు ఇప్పటికిని అడుగుచున్నాడు. అది పొగ వదలును, సీటుబెల్టులు లేవు, ప్రమాదమైనచో నేటి కార్లవలె రక్షింపదు. ఈ మాటలన్నిటిని ఒప్పుకొనుచున్నాను. పిల్లలను బడికి దింపుటకు దానిని వాడుమని నేను చెప్పను. ప్రతి పాత బండిని దాచుమనియు చెప్పను. నూటికి తొంబదియైదు కొలిమికి పోవలసినవే. ఎవరి చేతి గుర్తులు ఇంకను దానిమీద ఉన్నవో, ఎవరింకను వాటిని గుర్తుపట్టగలరో, అట్టి యొకటి రెండు బండ్లనుగూర్చియే నా వాదము.

ఎడమ తలుపు మీది పుట్టీని మొన్న సంక్రాంతి సెలవులలో గీకివేసితిని. లోపల సొట్ట అట్లే యున్నది. రంగు వేయువాడు నన్ను చూచి తల పట్టుకొనెను. నాన్నగారు ఇప్పుడు ఆదివారములు ప్రార్థన అయిన తరువాత ఆ తలుపు దగ్గఱ కుర్చీ వేయించుకొని కూర్చుండుచున్నారు. ఆ పెండ్లివారి యూరు ఏదో, ఎడ్లబండివాడు ఎంత తిట్టెనో మా అబ్బాయికి చెప్పుచున్నారు. ప్రతిసారియు ఎడ్లు మాఱుచున్నవి.

వెనుక సీటు దిండ్లు, డాష్‌బోర్డు ఇంకను విప్పవలసియున్నవి. రాదలచిన తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు తలిదండ్రుల అనుమతి చీటీతో రెండవ శనివారము ఉదయము 8 గంటలకు రావచ్చును. పానాలు నా యొద్ద నున్నవి. మీరు గీతలులేని నోటుపుస్తకము, పెన్సిలు తెచ్చుకొనుడు. పటము గీయనిదే ఒక్క మరను కూడ విప్పనీయను.