తంగేడు పలక మీద లేని పేరు

మే నెల ఎండల్లో, నందిగామ నుంచి వచ్చిన మా అమ్మను, బడి సెలవుల్లో ఉన్న నా కూతురిని వెంటబెట్టుకొని హైదరాబాద్‌లోని ఒక వృక్షోద్యానానికి వెళ్లాను. పదకొండు గంటలకే నేల కాలుతోంది. పెద్ద చెట్ల నీడలో చోటు దొరకక ఒక పొద పక్కనున్న బల్ల మీద కూర్చున్నాం. అది తంగేడు. నా కూతురు దాని ముందున్న పలక చదివింది: సెన్నా ఆరిక్యులేటా, చివర ‘రాక్స్‌బ్’. ఉపయోగాలు: ఔషధం, అలంకరణ.

“చెక్క సంగతి రాయలేదే” అంది అమ్మ.

“ఏ చెక్క, నానమ్మా?”

అమ్మ చుట్టూ చూసింది. పక్క బల్ల మీద మరో కుటుంబం ఉంది. గొంతు తగ్గించి, “మీ ముత్తాత ఈ చెక్క కోసమే జగ్గయ్యపేట గుట్టలన్నీ తిరిగేవాడమ్మా, తోళ్లు ఊనడానికి” అంది.

ఆ గొంతు ఎందుకు తగ్గిందన్నదే నా ప్రశ్న.

పచ్చి తోలును సున్నపు నీటిలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, దంచిన తంగేడు చెక్క వేసిన లందలో రోజుల తరబడి ఉంచేవారు. చెక్కలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్ పోగులను పట్టుకోవడం వల్ల అది కుళ్లదు. రసాయనశాస్త్రం ఈ కారణం చెప్పక ముందే, ఎంత చెక్క వేయాలో, ఎన్నాళ్లు నాననివ్వాలో మాదిగవాడకు తెలుసు. ఆ తోలుతో కుట్టిన మోట బొక్కెనలే మెట్ట పొలాలకు నీళ్లు తోడాయి. బొక్కెన బావిలోకి దిగింది; దాన్ని కుట్టినవాడిని మాత్రం ఊరి మంచినీళ్ల బావి దరిదాపులకు రానివ్వలేదు.

పలక మీది ‘రాక్స్‌బ్’ విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, సామర్లకోటలో తోట పెంచి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో వెలువడింది. మొక్కల తెలుగు పేర్లను ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. ఆ పేర్లు చెప్పినవారు, బొమ్మలు గీసిన మన చిత్రకారులు మాత్రం చాలామటుకు అనామకులుగానే మిగిలారు.

పనివాడి పేరు నిలపడం మన నేలకు కొత్త కాదు. జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం వద్ద, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనం దొరికింది. సుమారు 1,700 ఏళ్ల కిందట తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలిపిన సిద్ధార్థుడిని అది ‘ఆవేసని’ అంటుంది, అంటే చేతిపనివాడు. అతని తండ్రీ ఆవేసనియే. వృత్తి పేరు అక్కడ తలవంపు కాదు, దాతకు పరిచయం.

ఇది కులవృత్తిని కీర్తించడం కాదా అని విద్యార్థులు అడగవచ్చు. కాదు. మా నాన్న లందను వదిలి బడికి వెళ్లడమే మా ఇంటి విముక్తి. ఏ పనీ ఎవరి మీదా పుట్టుకతో పడకూడదు. అయితే పని నుంచి విడుదల కావడం వేరు, ఆ పనిలోని జ్ఞానాన్ని సిగ్గుతో దాచుకోవలసి రావడం వేరు. తంగేడు పువ్వును తెలంగాణ రాష్ట్ర పుష్పమని గౌరవిస్తున్నాం. దాని ఔషధగుణం పలకకెక్కింది. చెక్క దగ్గరకు వచ్చేసరికి మౌనం. ఈ విభజన చేసింది వృక్షశాస్త్రం కాదు, కులం.

2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. మొక్కలతో పాటు వాటి గురించిన సంప్రదాయ జ్ఞానమూ అందులో ఉండాలి. నందిగామ, జగ్గయ్యపేట మండలాల్లో ఆ పుటలు నింపేవారు మాదిగవాడ గడప తొక్కాలి. లంద దగ్గర పనిచేసిన తరం వెళ్లిపోతోంది. అక్కడి డిగ్రీ విద్యార్థులు ఈ సెలవుల్లోనే తమ తాతలను, అమ్మమ్మలను అడిగి రాసుకోవాలి.

ఉద్యానాల పలకలపై ఒక్క వాక్యం చేరిస్తే చాలు: ఈ చెక్కతో తోళ్లు ఊనే విద్యను మాదిగలు తరతరాలుగా కాపాడారు. ఆ మాట అందరూ చదివేలా రాసి ఉంటే, మా అమ్మ తన మనవరాలికి గొంతు తగ్గించి చెప్పనవసరం ఉండేది కాదు.