మన మిద్దె – మన ఎండ – మన కరెంటు

బ్రహ్మంగారిమఠం మండలంలోని అన్నలారా, అక్కలారా, అవ్వలారా, అబ్బలారా!

మార్చి దాటితే మిద్దె మీద కాలు పెట్టలేం. ఆ ఎండలో మిరపకాయలు ఎండబెడతాం, వడియాలు పెడతాం. ఆ పని కాస్తా అయిపోతే మిద్దెను ఊరికే కాలనిస్తాం. కింద ఇంట్లో ఫ్యాను, కూలరు రాత్రింబగళ్లు తిరుగుతాయి. నెల తిరిగేసరికి బిల్లు చేతికొస్తుంది. పైన కాసే ఆ ఎండతోనే కింద ఫ్యాను తిప్పుకోవచ్చు. ఈ వేసవికే ఆ పని మొదలుపెడదాం రండి!

మన జిల్లాలో ఏం జరుగుతోందో చూడండి

కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం 1994 నుంచి నడుస్తోంది. దాని సామర్థ్యం 1,650 మెగావాట్లు. అక్కడ మండే బొగ్గు మన నేలలో దొరికేది కాదు, దూరం నుంచి గూడ్సు రైళ్లలో రావాలి. ఆ ఖర్చు చివరికి తేలేది మన బిల్లులోనే.

ఎండకు రైలు అక్కర్లేదు. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. అందులో 250 మెగావాట్లకు 2017లో వేలం పెడితే యూనిట్ 3 రూపాయల 15 పైసలకే ఇస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. అప్పటికి దేశంలో అంత తక్కువ ధర ఎక్కడా పలకలేదు. మన ఎండ విలువ అది!

నీళ్లతో దీపాలు వెలుగుతాయని బ్రహ్మంగారు ఏనాడో చెప్పారని మన పెద్దలు చెప్పుకుంటారు. ఆ మాటకు తగ్గట్టే గండికోట దగ్గర 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లను పైకి ఎత్తిపోస్తారు, దీపాలు పెట్టే వేళకు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు.

ఇవన్నీ పెద్ద కంపెనీలు చేసే పనులు. మన మిద్దె మీద ఎండ మాత్రం మనది. దాన్ని వాడుకునేది మనమే కావాలి.

డబ్బు సంగతి

కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. ఇంటి మీద సోలార్ పలకలు పెట్టుకుంటే వచ్చే సబ్సిడీ ఇది:

• 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు
• 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు
• 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78,000 రూపాయలు

దీనిపైన బీసీ ఇళ్లకు 2 కిలోవాట్లకు మరో 20,000 రూపాయలు ఇస్తామని, ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మిగతా డబ్బుకు బ్యాంకులు పూచీకత్తు లేకుండా అప్పిస్తాయి.

ఒక కిలోవాట్‌కు మిద్దె మీద సుమారు 100 చదరపు అడుగుల జాగా చాలు. మంచి ఎండకు రోజుకు 4 యూనిట్ల దాకా వస్తుంది. ఇంట్లో వాడగా మిగిలింది నెట్ మీటరు ద్వారా లైనులోకి పోయి మన లెక్కలో జమ అవుతుంది.

దాచకుండా చెప్పాల్సిన మాటలు

• లైను కరెంటు పోతే మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసమే ఆ ఏర్పాటు. కోత వేళ కూడా వెలుగు కావాలంటే బ్యాటరీ విడిగా పెట్టుకోవాలి.
• నాపరాళ్ల మిద్దె, మట్టి మిద్దె అయితే ముందు మేస్త్రీకి చూపించి బరువు మోస్తుందో లేదో అడగండి.
• పథకంలో పేరున్న కంపెనీకే పని ఇవ్వండి. సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఇప్పిస్తానని చెయ్యి చాపే దళారికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు!
• దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. పొద్దున్నే పలకలు చల్లగా ఉన్నప్పుడు నీళ్లతో తుడవండి.

ఇప్పుడు మనం చేయాల్సింది

1. కరెంటు బిల్లు తీసి నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి. ఎన్ని కిలోవాట్లు కావాలో అదే చెబుతుంది.
2. వీధికి పది ఇళ్లు ఒక్కటిగా రెండు మూడు కంపెనీలను పిలిపించండి. విడివిడిగా అడిగితే వాళ్లు చెప్పిందే ధర, పది మంది కూర్చుంటే బేరం మనది.
3. పీఎం సూర్యఘర్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోండి. అనుమానముంటే సచివాలయంలో గానీ, 1912కు ఫోన్ చేసి గానీ అడగండి.
4. బడి, ఆసుపత్రి, పంచాయతీ కార్యాలయం మిద్దెల మీద సోలార్ పెట్టాలని వచ్చే గ్రామసభలో లేచి అడగండి, తీర్మానం రాయించండి.
5. బ్రహ్మంగారి ఆరాధనకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్లకు నీడనిచ్చే సత్రాల మీద, వాళ్లకు అన్నం పెట్టే చోట సోలార్ పెట్టమని నిర్వాహకులను కోరుదాం. వచ్చినవాళ్లు అది చూసి తమ ఊళ్లలోనూ పెట్టుకుంటారు.

అక్కలారా, అన్నలారా! కరువు చూసిన నేల మనది. ఇన్నాళ్లూ ఎండను తిట్టుకుంటూనే బతికాం. ఆ ఎండే ఇవాళ మన మిద్దె మీద పంటగా పండుతానంటోంది. కోసుకుందాం రండి!

ఈ కాగితం చదివి పారేయకండి. పక్కింటికి ఇవ్వండి. చదవలేని అవ్వకు చదివి వినిపించండి.

మిద్దె మిద్దెకూ సోలార్! ఇంటింటా వెలుగు!

ఇట్లు,
మీ మండలంలోని కరెంటు వాడకందారులు