కొల్లేటి ఋణము

నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని తెలుగువారి సామెత. ద్వారకా తిరుమల కొండమీద చినవెంకన్న దర్శనమునకు పోవు యాత్రికులు దైవమును తలచుదురు గాని, ఆ మెట్టనేలపై కురిసిన వాన ఏ పల్లమునకు పోవునో తలచుట అరుదు. కొండకు దక్షిణముగా నేల క్రమముగా వాలి, భీమడోలు దాటిన పిమ్మట కొల్లేటిని చేరును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఆ సరస్సులోనే కలియుచున్నవి. కృష్ణా గోదావరి డెల్టాల మురుగుకాలువలు పెక్కింటికిని అదియే గమ్యము. ఇంత నీరును సముద్రమునకు చేర్చు దారి మాత్రము ఒక్క ఉప్పుటేరు. అదియు సుమారు 60 కిలోమీటర్ల వంకర త్రోవ. వచ్చు దారులు పెక్కు, పోవు దారి యొక్కటి. ఆ నడుమ వరదను తన కడుపులో దాచుకొని మెల్లగా విడుచుటయే కొల్లేరు చేయు పని.

ఆ పనికి నేడు విలువ హెచ్చినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా తేమను పట్టగలదని శాస్త్రము. అందుచే కురిసినప్పుడు కుండపోతగా కురియుట ఎక్కువగుచున్నది. 2020 అక్టోబరులో తమ్మిలేరు పొంగి ఏలూరు పల్లపు పేటలలో ప్రవేశించినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు విజయవాడ సింగునగరు ప్రాంతమును ముంచగా, ఇండ్లలో పలుదినములు నీరు నిలిచినది. ఆ నీరే పిమ్మట కొల్లేటికి చేరి లంకగ్రామముల దారులను కప్పినది. గండము గడచినదని నగరము ఊపిరి పీల్చుకొనునాటికి లంకలలో గండము మొదలైనది.

వరద వచ్చిపోయిన పిదప గోడలు కట్టుట, గట్లు బలపరచుట, కాలువలు వెడల్పు చేయుట పాలకులకు పరిపాటి. అవి అవసరములే. కాని గోడ నీటిని త్రాగదు, ముందునకు త్రోయును. పట్టణములో గోడ యెత్తు పెరిగినకొలది దిగువను నీటికి చోటు పెరుగవలెను. వాతావరణ మార్పును గూర్చిన ప్రణాళిక ఏదియైనను ఈ చిన్న లెక్కను విడిచినచో పట్టణమునకును రక్షణ లేదు, పల్లెకును లేదు.

ఆ చోటు ఎట్లు తరిగినదో చూడవలెను. 1970 దశకములో బీదవారికి జీవనము కల్పించు సదుద్దేశముతో సహకార సంఘములకు కొల్లేటిలో చేపల చెరువులు ఇచ్చిరి. కాలక్రమమున చెరువులు పెరిగినవి, గట్లు లేచినవి; పేరు సంఘములదిగా, పెట్టుబడియు లాభమును కౌలుదారులవిగా మారిన తావులు పెక్కు. 1999లో ప్రభుత్వము ఐదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో కొల్లేరు రాంసర్ ఒడంబడిక పట్టికలో చేరినది. 2006లో సుప్రీం కోర్టు ఆదేశముతో యంత్రములు వచ్చి గట్లను తెగగొట్టినవి. పిమ్మట అనేక చోట్ల గట్లు మరల లేచినవి.

2008లో కేంద్రము వాతావరణ మార్పుపై 8 జాతీయ మిషన్లతో కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ఆ సంవత్సరమే రాష్ట్ర శాసనసభ అభయారణ్యమును మూడవ కాంటూరునకు కుదింపవలెనని తీర్మానించినది. కేంద్రము నియమించిన అజీజ్ కమిటీ అందుకు సమ్మతింపలేదు. ఢిల్లీలో ఒక మాట, రాజధానిలో ఒక మాట, కొల్లేటిలో ఒక పని! ఈ మూడింటి నడుమ నలిగినవాడు లంకవాసి.

వివాదమునకు మొదటినుండి ‘పక్షులా, మనుష్యులా’ అని పేరు పడుట దురదృష్టము. ఆటపాక గూడబాతులకు కొల్లేరు కావలసినదే, సందేహము లేదు. కాని చట్టము అభయారణ్యమని పేరు పెట్టుటచే, ఆ హద్దు పక్షులకొరకే గీసినదని జనము తలచిరి. నిజమునకు ఆ హద్దు లోపలి నీటిచోటు ఏలూరు, విజయవాడల ఇండ్లకు కూడ కాపుగడ. కనుక అసలు ప్రశ్న వేరు: ఎగువవారి క్షేమమునకై దిగువవారు వదులుకొన్నదానికి వెల ఎవరు చెల్లింపవలెను?

చేపల సాగు అన్యాయమని ఒక్క మాటతో త్రోసివేయుట తగదు. మంచుగడ్డల నడుమ చేపలను సర్దువారు, లారీ నడుపువారు, మేత మోయువారు, వలలు అల్లువారు ఎందరో దానిపై బ్రదుకుచున్నారు. ఆకివీడు, కైకలూరు బజారులు దానితోనే కళకళలాడుచున్నవి. సరస్సులో వల వేసి జీవించు వడ్డివారి కుటుంబములు, జిరాయితీ పట్టాలు చేతనుండియు భూమి వాడుకొనలేని రైతులు వేరు; గట్టు కట్టి వరదను అడ్డగించు పెద్ద పెట్టుబడి వేరు. 2006లో యంత్రము గట్టును తెగగొట్టినంత వేగముగా బ్రదుకుతెరువును నిలుపలేకపోయినది. తెగిన గట్టు మరల లేచుటకు దురాశ ఒక కారణము. ఆకలి మరియొక కారణము. రెండవదానికి చట్టము మందు కాదు.

మందు క్రొత్తది కాదు. 1964 వరదల పిమ్మట మిత్రా కమిటీ డెల్టా మురుగుకాలువల స్థితిని పరిశీలించినది. 1968లో శాసనము చేసి డెల్టా భూములపై డ్రైనేజీ సెస్సు విధించిరి. మేలు పొందిన భూమి ఖర్చు భరింపవలెనన్నది అందలి ధర్మము. న్యూయార్కు నగరము 1997 ఒప్పందము మేరకు, తన త్రాగునీరు పుట్టు కొండప్రాంతపు రక్షణకై అచ్చటి పల్లెలకును రైతులకును ధనము వెచ్చించుచున్నది. శుద్ధి యంత్రాగారము కట్టుటకంటె అది చౌకయని లెక్క వేసికొన్నది. అక్కడ పట్టణము ఎగువకు చెల్లించును, ఇక్కడ దిగువకు చెల్లింపవలెను; ధర్మము మాత్రమొక్కటే. ఏలూరు, విజయవాడల వరద రక్షణకు వెచ్చించు నిధులలో ఒక భాగము ఏటేట కొల్లేటికి చేరవలెను. పట్టాదారులకు పరిహారము, వడ్డివారికి సరస్సుపై వేటహక్కు, ఉప్పుటేటి పూడికతీత, లంకలకు ముంపు సోకని దారులు: ఇవి దానము కావు, బాకీ.

మెట్టవారికిని ఇందు బాధ్యత కలదు. పడిన వానను పడిన చోటనే కొంత నిలుపు పాతచెరువుల పూడిక తీసినచో క్రింద వరద తగ్గును, పైన బోరులలో నీరు పెరుగును. ద్వారకా తిరుమల వంటి క్షేత్రములలో సత్రములు, రహదారులు పెరిగినకొలది సిమెంటుపై పడిన నీరు పరుగెత్తును. ఆ పరుగును ఆపు కుంటలు కూడ క్షేత్రసేవలో భాగము కావలెను.

పాఠశాలలలో కాంటూరు రేఖను పటముపై వంకరగీతగా నేర్పుచున్నారు. ఆ గీతకు ఒకవైపు పొడిగా నున్న ఇల్లు, మరియొకవైపు దానికై మునిగిన చేను కలవని విద్యార్థికి తెలిసిననాడు భూగోళపాఠము పౌరధర్మమగును. ఋణము తీర్చనిదే కొల్లేటిని కాపాడుమని కొల్లేటివారిని కోరు అధికారము పట్టణమునకు లేదు.