ఒడ్డును పట్టుకొనే వేళ్లు



2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగిన సంగతి మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి మేడలమీద గడిపాయి. మైలవరం వైపు కొండలలో పుట్టి కొల్లేరు చేరే ఆ వాగుకు పట్టణంలో చోటు కరువైనది. చోటు దొరకని నీరు మన ఇంట్లోకే వస్తుంది.

రెండు ప్రక్కలా సిమెంటు గోడ కట్టి వాగును తిన్నగా పంపితే చాలునని చాలామంది తలంపు. సింగపూరువారు కూడ ఒకప్పుడు అలాగే తలంచి, బిషాన్ ఉద్యానవనం ప్రక్కన కల్లాంగ్ నదిని 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువగా మార్చారు. అయితే నున్నని కాలువలో నీరు వేగంగా పరుగెత్తి దిగువవారి మీద ఒక్కసారిగా పడుతుంది. తరువాత ఆ కాంక్రీటును పగులగొట్టి, 2012 నాటికి దానిని మరల వంకలు తిరిగే ఏరుగా చేశారు. మామూలు రోజుల్లో అది సన్నని పాయ. వాన కురిస్తే ప్రక్కనున్న పచ్చిక బయలంతా దాని చోటే. పిల్లలు ఆడుకొనే స్థలం గనుక, నీరు పెరిగితే సైరను మ్రోగుతుంది.

మరి సిమెంటు లేకుండ ఒడ్డు ఎలా నిలుస్తుంది? 2009లోనే వారు 60 మీటర్ల మేర పది పద్ధతులు పరీక్షించి చూశారు. పచ్చి కొమ్మలను మోపులు కట్టి ఒడ్డు వెంబడి పాతారు. రాళ్ల సందుల్లో కొమ్మలు నాటారు. మట్టిని గట్టి గుడ్డలో చుట్టి మెట్లుగా పేర్చి మొక్కలు పెట్టారు. వేళ్లు దిగి మట్టిని చాపలా అల్లుకొంటాయి. వరదలో కాండం వంగి నేలను కప్పుతుంది, నీరు తీయగానే లేస్తుంది. గోడ కట్టిన రోజు గట్టిగా ఉండి ఏటేటా పాతబడుతుంది. మొక్క అలా కాదు, మొదటి ఏడు బలహీనం, తరువాత ఏటేటా బలం. కాబట్టి మొదటి వానకాలాల్లో పశువులు తొక్కకుండ కాపాడాలి. నీరు సూటిగా కొట్టే మలుపులో మాత్రం రాయి కూడ కావాలి.

ఇది మనకు కొత్త విద్య కాదు. గట్టున గుచ్చిన వావిలి కొమ్మ చిగురించడం మీరెరిగినదే. వట్టివేరు ఎంత లోతుకు దిగుతుందో త్రవ్వినవారికి తెలుసు. గనుక మీ ఊరి వాగు గట్టును అంచుదాక దున్నకండి, దాని పొదలు నరకకండి. పట్టణంలో స్థలం కొనబోయే మీ బిడ్డలతో ఒక్క మాట చెప్పండి: “చవకగా వస్తుందని వాగు చోటు కొనవద్దు నాయనా. అది నీటిది.”