అమ్ముడుపోని పాటకు విలువ లేదా?

పాటకు విలువ కట్టేది ఎవరు? అమ్మే షావుకారా, వినే మనిషా? ముందు ఈ లెక్క తేలాలి. ఇంగ్లండులోని లీడ్స్ పట్నంలో 1977లో పుట్టిన మీకాన్స్ అనే బృందం దాదాపు యాభై ఏళ్లుగా పాడుతూనే ఉంది. 2025 ఏప్రిల్లో ‘హారర్’ అని కొత్త ఆల్బమ్ తెచ్చింది. మేము దాన్ని పదేపదే విన్నాం, ఇంకా వింటూనే ఉన్నాం. విన్నకొద్దీ పాటల మీద ప్రేమ పెరుగుతోంది. ఇలాంటి వాళ్లని అరుగు కిందే కూచోబెట్టిన పాటల వ్యాపారం మీద ఒళ్లు మండుతోంది.

సంగీతం కొందరు పండితుల సొత్తు అన్న మాటని 1976-77లో పంక్ పాట కొట్టిపారేసింది. గిటార్ చేతికొచ్చింది సరే, ఇప్పుడు దాంతో ఏం చెబుదాం అని అడిగింది దాని వెంబడి వచ్చిన పోస్ట్‌పంక్. లీడ్స్ యూనివర్సిటీలో బొమ్మలేయడం చదువుకుంటున్న కుర్రాళ్లు మీకాన్స్ కట్టారు. వాళ్లకి వాయించడం రాదు. వాయిద్యాలు కూడా తోటి బృందం గ్యాంగ్ ఆఫ్ ఫోర్ దగ్గర అడిగి వాడుకున్నారు. క్లాష్ బృందం ‘వైట్ రయట్’ అని వీరావేశంతో పాడితే, వీళ్లు 1978లో ‘నెవర్ బీన్ ఇన్ ఎ రయట్’ అని పాడారు. మేమసలు ఏ కొట్లాటలోనూ లేం బాబూ అని దాని అర్థం. లేని వీరత్వం నెత్తికెత్తుకోకపోవడం చిన్న సంగతా? 1979లో వర్జిన్ కంపెనీ వీళ్ల మొదటి ఆల్బమ్ వేస్తే, వెనక అట్ట మీద పొరపాటున గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ఫొటో పడింది. సొంత రికార్డు మీదే సొంత మొహం లేదు!

1984 మార్చి నుంచి ఏడాది పాటు బొగ్గుగని కార్మికులు థాచర్ ప్రభుత్వం మీద సమ్మె కట్టారు. మీకాన్స్ సమ్మెదారుల కోసం కచేరీలు చేశారు. ఆ రోజుల్లోంచే 1985లో ‘ఫియర్ అండ్ విస్కీ’ వచ్చింది. అమెరికా పేదల కంట్రీ పాటని పంక్‌తో కలిపారు, దానికి సూసీ హనీమన్ ఫిడేలు తోడయ్యింది. తర్వాత ఈ కలగలుపుకి ‘ఆల్ట్ కంట్రీ’ అని పేరు పెట్టి ఎందరో పేరూ డబ్బూ సంపాదించారు. చెట్టు నాటిందొకరు, కాయలు కోసుకుందొకరు. 1989లో ఎ అండ్ ఎమ్ అనే పెద్ద కంపెనీ చేరదీసింది గానీ, 1991 నాటి ‘కర్స్ ఆఫ్ ది మీకాన్స్’ని అమెరికాలో విడుదల చేయడానికి ఒప్పుకోలేదు. మరి విమర్శకులు? గొప్ప బృందం అని రాశారు. ఆ పొగడ్త అమ్మకాల్లోకి దిగలేదు.

ఇప్పుడు కొత్త రికార్డు సంగతి. ‘హారర్’ అంటే భయానకం. ఇందులో దయ్యాల్లేవు, బ్రిటిష్ సామ్రాజ్యం ఉంది. ‘ది వెస్టర్న్ డిజైన్’ అనే పాట పేరు క్రామ్‌వెల్ దండయాత్రది. 1655లో ఆ దండు జమైకాని పట్టుకుంది. తర్వాత అక్కడి చెరకు తోటల్లో ఆఫ్రికా బానిసల నెత్తురు పారింది. 1838కి బానిసత్వం ముగిస్తే, 1845 నుంచి ఆ తోటలకే మన దేశపు కూలీల్ని ఓడలెక్కించారు. ‘మడ్‌క్రాలర్స్’ 1840ల ఐర్లండు కరువుని తప్పించుకుని, బురదలో పాకుతూ వేల్స్ తీరం చేరినవాళ్ల పాట. ఆ కరువులోనూ ఐర్లండు ధాన్యం ఓడలకెక్కింది. 1876-78లో మన రాయలసీమ జనం ధాత కరువుకి రాలిపోతున్నప్పుడు కూడా ఈ దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. దొర ఒక్కడే, పద్దు ఒక్కటే. మరి ఈ పాట మనది కాదని ఎవరంటారు?

అంటున్నారు. తెల్లవాళ్లు పాడితే మనకేంటి అంటున్నారు కొందరు మిత్రులు. అడగాల్సిన ప్రశ్నే. కానీ మీకాన్స్ మన తరపున ఏడవడానికి రాలేదు, మనకి నీతులు చెప్పడానికీ రాలేదు. తమ తాతల పద్దుల పుస్తకం తామే నడివీధిలో విప్పుతున్నారు. దోపిడీ సొమ్ముతో కట్టిన ఇంట్లో పుట్టినవాడు ఆ ఇంటి పునాదిని తవ్వి చూపిస్తే కాదంటామా? ఆ పని చేసేవాళ్లు ఎక్కడ చూసినా తక్కువే. ముసలాళ్లు పాత గొప్పలు తలుచుకుంటున్నారని ఇంకొందరి ఎత్తిపొడుపు. అదే ఆల్బమ్‌లో ‘వార్ ఎకానమీ’ వినండి. యుద్ధం మీద బతికే వ్యాపారం పాతదా, ఇవాళ్టిదా?

అందుకే చెబుతున్నాం. జాన్ లాంగ్‌ఫోర్డ్, టామ్ గ్రీన్‌హాల్, శాలీ టిమ్స్ వంతులవారీగా గొంతెత్తుతారు. ఒక్కడే హీరో, మిగతావాళ్లు వెనక నిలబడాలనే పద్ధతి అక్కడ లేదు. ఈ పాటలు మీ పిల్లల ఫోన్లలోనే దొరుకుతాయి. పదిమంది కూడిన సాయంత్రం ఒక్క పాటయినా పెట్టండి. ఇంగ్లీషు తెలిసినవాళ్లు భావం చెప్పండి, చరిత్ర తెలిసినవాళ్లు కరువు సంగతి చెప్పండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వాదించండి. వినకుండా మాత్రం తీసిపారేయొద్దు. యాభై ఏళ్లుగా వీళ్ల మీద జరిగిన అన్యాయం అదే.