వెనుక బండికీ బ్రేకు కావాలి



మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతములలో ఎద్దుల బండి చేసిన పనంతా ఇప్పుడు ట్రాక్టరు ట్రాలీయే చేస్తున్నది. కల్లం నుండి వడ్లు, చేను నుండి పల్లీ, పత్తి, వాగు నుండి ఇసుక అన్నీ దాని మీదనే. కూలికి పోయే తల్లులు, పెండ్లివారు, సువార్త కూటములకు పోయే విశ్వాసులు కూడా దాని మీదనే. ట్రాక్టరు కొనేటప్పుడు ఎంత బరువు లాగుతుందని అడుగుతాము. ట్రాలీ చేయించేటప్పుడు రేకు మందము, టైర్ల సైజు అడుగుతాము. అది ఎలా ఆగుతుందని అడిగేవారు తక్కువ. ఈ నెల ఆ ప్రశ్న గూర్చి ఆలోచించుదము.

చిన్న లెక్క చూడండి. 45 హెచ్.పి. ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. వడ్ల బస్తా 40 కిలోలైతే, 100 బస్తాలు 4 టన్నులు. ట్రాలీ సొంత బరువు కూడా కలిపితే వెనుక ఉన్నది 5 టన్నులకు పైమాటే. ట్రాలీకి బ్రేకు లేకపోతే ఆ బరువునంతా 2 టన్నుల ట్రాక్టరే ఆపాలి. అందులోనూ మన ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకు వెనుక చక్రములకే ఉంటుంది. డ్రైవరు గట్టిగా తొక్కినప్పుడు ట్రాక్టరు ఆగాలని చూస్తుంది, ట్రాలీ ముందుకు నెడుతుంది. దారి వంకరగా ఉంటే ఆ నెట్టుడు పక్కకు పడి, ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది.

వేగము సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వేగము రెండింతలైతే, బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరము నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగములో 5 మీటర్లలో ఆగిన బండికి, 40లో 20 మీటర్లు కావాలి.

ఇతర దేశములలో ఈ ప్రశ్నకు చట్టమే జవాబు చెప్పింది. ఐరోపా దేశములలో 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకు ఉండి తీరాలి. అమెరికాలో కారు వెనుక గుర్రముల బండి వంటివి లాగేవారు ఎక్కువగా కరెంటు బ్రేకు వాడుతారు. ట్రైలరు చక్రపు డ్రమ్ములో ఒక అయస్కాంతము ఉంటుంది. కరెంటు అందగానే అది తిరిగే డ్రమ్మును పట్టుకొని, బ్రేకు బద్దలను నెడుతుంది. ఎంత కరెంటు పంపాలో నిర్ణయించే చిన్న పెట్టె డ్రైవరు దగ్గర ఉంటుంది. దానినే బ్రేకు కంట్రోలరు అంటారు. అందులో రెండు రకములున్నవి. ఒకటి, బ్రేకు తొక్కగానే ముందుగా పెట్టిన మేరకు కరెంటును క్రమముగా పెంచుతుంది. రెండవది, ముందు బండి ఎంత గట్టిగా ఆగుతున్నదో పసిగట్టి అంతే పంపుతుంది. బరువు లాగేవారు రెండవదానినే మేలైనదిగా ఎంచుతారు. హుక్కు ఊడిపోయి ట్రైలరు విడిపోతే, దానిలోని చిన్న బ్యాటరీ దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు కూడా ఉంటుంది.

మన ట్రాక్టర్లకు ఆ పెట్టె అవసరము లేదు. మనకు తగినది ఆయిల్ బ్రేకు. బ్రేకు తొక్కినప్పుడు ట్రాక్టరు నుండి గొట్టము ద్వారా ఆయిల్ ఒత్తిడి ట్రాలీ చక్రములకు అందుతుంది. కొత్త ట్రాక్టరు కొనేవారు ట్రాలీ బ్రేకు వాల్వు దానికి ఉన్నదా, లేకపోతే అమర్చవచ్చునా అని డీలరును అడగాలి. ట్రాలీ చేయించేవారు బ్రేకు డ్రమ్ములున్న ఇరుసు కావాలని ముందే చెప్పాలి. తరువాత అమర్చుదములే అనుకున్న పని చాలా ఇండ్లలో జరగదు.

బ్రేకు ఉంటే చాలదు, దానిని సరిచేసుకోవాలి. పని తెలిసిన మెకానిక్కు చేతనే చేయించండి, అయితే పక్కన నిలబడి చూడండి. ట్రాలీ చక్రమును జాకీతో లేపి, మిగిలిన చక్రములకు రాళ్లు అడ్డు పెట్టాలి. చక్రము తిప్పుతూ బద్ద డ్రమ్ముకు రాసుకొనేంత వరకు బిగించి, మరల స్వేచ్ఛగా తిరిగేంత మాత్రము వదలాలి. రెండు పక్కలా ఒకేలాగు ఉండాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు ట్రాలీ ఒక పక్కకు లాగుతుంది. గొట్టములో గాలి చేరితే పెడలు మెత్తగా దిగిపోతుంది గనుక ఆ గాలిని తీయించాలి.

తరువాత జనము లేని చదునైన దారిలో, ముందు ఖాళీ ట్రాలీతో, పిదప బరువుతో, మెల్లగా పోతూ పరీక్షించండి. బ్రేకు వేసినప్పుడు వెనుక నుండి నెట్టినట్లు అనిపిస్తే ట్రాలీ బ్రేకు చాలలేదు. ట్రాలీ చక్రములు తిరగకుండా బిగుసుకొని ఈడ్చుకొనిపోతే అది ఎక్కువైనది. రెండూ కాకుండా, ట్రాలీ కూడా తనంతట తాను ఆగుతున్నట్లు ఉండాలి. అమెరికాలో పెట్టె మీది మీట తిప్పుతూ చూచేది కూడా ఇదే.

ఖర్చు లేని జాగ్రత్తలు మూడు చెప్పుతాను. మొదటిది, దున్నేటప్పుడు మలుపు కోసం విడివిడిగా తొక్కే రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కొక్కెముతో కలిపివేయాలి. వేగములో ఒక్క పెడలే పడితే ట్రాక్టరు గిర్రున తిరిగి బోల్తాపడవచ్చు. రెండవది, దిగుడులో న్యూట్రల్ చేయకూడదు. డీజిలు మిగులుతుందని కొందరు చేస్తారు. దిగుడు మొదలుకాక ముందే చిన్న గేరులోకి రావాలి. మన్ననూరు దాటి శ్రీశైలం డ్యాము వైపు దిగే దారి ఎరిగినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. మూడవది, హుక్కు పిన్నుకు కింద తాళపు పిన్ను, దానితో పాటు గట్టి గొలుసు ఉండాలి.

ఇక అన్నిటికన్నా బరువైన మాట. ట్రాలీ సరుకు కోసం చేసినది, మనుషుల కోసం కాదు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలములో కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే సంవత్సరము జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో మరియొక ట్రాలీ పడి 15 మంది చనిపోయారు. రెండు చోట్లా ఎక్కువ మంది స్త్రీలే. ఆ ప్రమాదములకు బ్రేకే కారణమని నేను చెప్పడము లేదు. కాలువ కట్ట మీద ట్రాలీ అదుపు తప్పితే లోపలివారికి రెండవ అవకాశము ఉండదని మాత్రము అవి చెప్పుచున్నవి. జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి కాలువలు మన పొలములకు నీళ్లు తెచ్చినవి. వాటితో పాటు మనకు కట్ట దారులూ వచ్చినవి.

“అయ్యగారూ, మా ఊరికి బస్సు లేదు, ఏమి చేయమంటారు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కూలికి పిలిచే రైతు కూలి డబ్బుతో పాటు సీట్లున్న బండి కిరాయి కూడా తన ఖర్చులోనే వేసుకోవాలి. సంఘముగా కూటములకు పోయేటప్పుడు తలా కొంత వేసుకొని బస్సు మాట్లాడుకోవచ్చు. పెద్దలు ఈ సంగతి క్రిస్మస్ పండుగకు ముందే కూర్చుండి తీర్మానించాలి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా పడి చనిపోతే ఆ దోషము ఇంటివానిదే. పడినవాడు చూచుకోవలసినది అని అక్కడ తప్పించుకొనే వీలు లేదు. ట్రాలీ యజమానికి బ్రేకే పిట్టగోడ. కొత్త ట్రాలీకి ప్రార్థన చేయమని పిలిచే సహోదరులారా, ఆ దినమున మీ పాస్టరుగారికి దాని బ్రేకు కూడా చూపించండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.